మరపడవ ఇంజనుకు తుప్పు నివారణ
గద్వాల, వనపర్తి జిల్లాల నడుమ జూరాల జలాశయంలోను, నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల వద్ద శ్రీశైలం తిరుగుజలాలలోను పడవలే మత్స్యకారులకు ఆధారం. నడి ఏట ఇంజను ఆగితే ప్రాణాలకే ముప్పు. మంచినీటిలో తుప్పు పట్టదనుకోవడం పొరపాటు. ఇంజను దిగువ భాగం అల్యూమినియం మిశ్రలోహం, ఇరుసు ఉక్కుది. తాకి ఉన్న ఈ భిన్న లోహాలు నీటిలో మునిగినపుడు విద్యుత్ రసాయన చర్య వలన అల్యూమినియం క్షీణిస్తుంది.

దీని నివారణకు, అల్యూమినియం కంటే ముందుగా తాను కరిగే యానోడు దిమ్మెను బిగిస్తారు. సముద్రజలాలలో వాడే జింకు దిమ్మెపై మంచినీటిలో గట్టి పొర ఏర్పడి పని మందగిస్తుంది. కావున ఇచ్చట మెగ్నీషియం దిమ్మె అనుకూలం. దానికి రంగు వేయరాదు. సగం అరగగానే మార్చాలి.

వరద కాలంలో ఒండ్రు శీతలీకరణ మార్గాలలో పేరుకొంటుంది. వేట ముగిశాక శుభ్రమైన నీటితో లోపల కడిగి, ఇంజనును నిటారుగా ఉంచి నీరంతా కారనివ్వాలి. గేరు నూనె పాలవలె తెల్లబడితే నీరు చేరినట్లే, సీలు మార్చాలి. పడవను నెలల తరబడి నిలిపేటపుడు కార్బురేటరులోని పెట్రోలు తీసివేయాలి. అందులోని ఇథనాల్ తేమను పీల్చుకొని లోహాన్ని తినివేస్తుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు ఈ పరీక్షలను మత్స్యకారులకు ఒడ్డుననే, వారి ఇంజనుపైనే చేసి చూపడం మేలు.