ఒక పాట, పెక్కు కంఠములు

పాఠశాల వార్షికోత్సవమునకు బాలురు ‘పల్లెటూరి పిల్లగాడా’ యను పాటను అభ్యసించుచుండగా, ఒకడు నన్నడిగెను: “ఇది సినిమా పాటయే గదా, సారూ?” ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమే యీ వ్యాసము.

ఒకరు కట్టిన పాటను వేరొకరు తమ రీతిని మరల పాడుట లోకమంతటను గల యాచారము. ప్రార్థనా మందిరములో హార్మోనియముతో నెమ్మదిగా సాగు కీర్తనయే పల్లెలో డోలకుతో గూడి వేగము నందుకొనును. అమెరికా గ్రామీణ సంగీతమున పీవీ కింగ్ బృందము 1948లో వెలువరించిన ‘టెన్నెసీ వాల్ట్జ్’ అను పాట, 1950లో పాటీ పేజ్ అను గాయని పాడిన పిమ్మట మిక్కిలి ప్రఖ్యాతమయ్యెను. ఇట్టి యెడల జనులు పాడినవారిని జ్ఞప్తియం దుంచుకొని, కట్టినవారిని మరచుటయు గలదు.

మన పాటకును అట్లే యైనది. దీనిని రచించినవారు సుద్దాల హనుమంతుగారు. నిజాము పరిపాలనలో వెట్టిచాకిరిపై తెలంగాణ రైతులు పోరాడిన కాలమున ఆయన పాటలు, బుర్రకథలు, గొల్లసుద్దులు పల్లెలను మేల్కొలిపినవి. తరువాత గౌతం ఘోష్ దర్శకత్వమున వచ్చిన ‘మా భూమి’ (1979) చలనచిత్రమున ఈ పాట చేరి, పల్లె నెరుగనివారి చెవులకును సోకెను. 1982లో కవి పరమపదించిరి. నేటికిని గాయకు లెందరో దీనిని పాడుచున్నారు.

ఇన్ని కంఠములు మారినను పాట చెడకుండుటకు కారణ మేమి? కవి యిందు తన బాధను చెప్పుకొనలేదు. జీతమునకు కుదిరి పసుల గాయు పసివానినే పిలిచి పలుకరించెను. కావున ఎవరు పాడినను ఆ బాలుని యెదుట నిలువవలసినదే. రాగము, వాద్యము, వేగము మారవచ్చును. ఆ చూపు మారరాదు.

6 మొదలు 14 ఏండ్ల వరకు గల బాలబాలికలకు ఉచిత విద్య 2009 నాటి చట్టముచే హక్కైనది. అయినను మన చందుర్తి ప్రాంతమున పత్తి తీయు దినములలో హాజరు పట్టీ చూచిన ఉపాధ్యాయునకు ఆ పాట పాతబడిన దనిపించదు.

విద్యార్థులారా, వేదికపై పాడుటకు ముందు కవి పేరు చెప్పుడు. పాడిన మరునాడు, మీ బల్లపై ఖాళీగా నున్న చోటు ఎవరిదో విచారించి, వానిని బడికి తోడుకొని రండు.