పరీక్షతోనే పని పూర్తి కాదు

ఆరోగ్యమే మహాభాగ్యమని అందరమూ అంటాము. కాని ఇంటిల్లిపాది ఆరోగ్యాన్నీ కనిపెట్టుకొని ఉండే ఇల్లాలు తన వంతు వచ్చేసరికి ‘తరువాత చూద్దాంలే’ అంటుంది. పుదుచ్చేరికి వాయవ్యాన ఉన్న సేదరపేట్ పారిశ్రామిక ప్రాంతపు కుటుంబాలకైనా ఈ మాట కొత్త కాదు. భర్త షిఫ్టు, పిల్లల చదువు, అత్తమామల మందులు అన్నీ గుర్తుండే ఆమెకు తన రక్తపరీక్ష రిపోర్టు తెచ్చుకొనవలసిన తేదీ మాత్రం గుర్తుండదు.

మన దేశంలో స్త్రీలకు సగటున 46, 47 ఏళ్ల ప్రాంతంలో రుతుస్రావం ఆగిపోతుంది. వరుసగా 12 నెలలు బహిష్టు కాకపోతే దానిని రుతువిరతి అంటారు. అంతకు కొన్నేళ్ల ముందు నుండే నెలసరి క్రమం తప్పడం, ఒళ్లంతా వేడి ఆవిర్లు రావడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు కనిపించవచ్చు. ఇది వ్యాధి కాదు. అయితే నీరసాన్నంతటినీ వయస్సు మీదికి నెట్టివేయడమూ సరికాదు. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా ఇటువంటి లక్షణాలనే చూపుతాయి. ఏది కారణమో తేల్చడానికే పరీక్షలు.

రిపోర్టులోని అంకెలు

హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా భావిస్తారు. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బిఎ1సి 5.7 నుండి 6.4 శాతం వరకు ఉంటే హెచ్చరిక, 6.5 లేక అంతకు మించితే మధుమేహాన్ని సూచిస్తుంది. ఈస్ట్రోజెన్ తగ్గడంతో ఎముకలు బలహీనపడతాయి. ఎముకల సాంద్రత పరీక్షలో టి-స్కోరు మైనస్ 2.5 లేక అంతకు తక్కువైతే ఎముకలు గుల్లబారినట్లు లెక్క. అయితే ఒక్క అంకెను చూసి భయపడనవసరం లేదు, మందులు సొంతంగా కొనరాదు. పాత రిపోర్టులతో పోల్చి చూసి నిర్ణయించవలసినది వైద్యులే.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో ఆలస్యం మరింత ప్రమాదకరం. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షకు పైగా స్త్రీలపై జరిగిన అధ్యయన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒక్కసారి హెచ్‌పివి పరీక్ష జరిపి, దోషం కనిపించిన వారికి చికిత్స చేసిన వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ప్రాణాలు నిలిపినది పరీక్ష ఒక్కటే కాదు, దాని వెంట జరిగిన చికిత్స. జాతీయ కార్యక్రమం ప్రకారం 30 ఏళ్లు దాటిన స్త్రీలు అయిదేళ్లకొకసారి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాలి. రుతువిరతి తరువాత ఏ కొద్దిపాటి రక్తస్రావం కనిపించినా వెంటనే వైద్యులను సంప్రదించాలి.

మనం చేయవలసినవి

పుదుచ్చేరివారికి పెద్దాసుపత్రి దూరం కాదు. 1823లో ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్యపాఠశాలకు వారసురాలైన జిప్మర్ గోరిమేడులోనే ఉంది. కొరవడేది రెండవసారి వెళ్లడానికి తీరిక. నమూనా ఇచ్చిన రోజే రిపోర్టు తేదీని క్యాలెండరుపై వ్రాసుకోవాలి. ఆసుపత్రి నుండి కబురు రాలేదు కనుక అంతా బాగున్నట్లే అనుకొనడం పొరపాటు. రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో దాచాలి. ‘ఇందులో తేడా ఏమిటి? నేనేమి చేయాలి? మళ్లీ ఎప్పుడు రావాలి?’ అనే మూడు ప్రశ్నలు వైద్యులను తప్పక అడగాలి. యానాం వంటి తెలుగు ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడినవారు తమిళం రాదని సంకోచించక, భాష తెలిసిన ఒకరిని తోడు తీసుకొని వెళ్లాలి.

ఉద్యోగ సోదరులకు ఒక మనవి. యంత్రానికి తనిఖీ తేదీ దాటితే మనం ఊరుకోము. ఇంటిని నడిపే మనిషి విషయంలో ఊరుకోవడం న్యాయమా? ఈ నెలలో ఒక పూట సెలవు పెట్టి, ఆమె వెంట వెళ్లి ఆ రిపోర్టు తీసుకురండి. వైద్యుని ముందు ఇద్దరూ కూర్చొని వినండి.