అక్కరలేని పుంజునకు ఆశ్రయము – పంచాయతీ చేయదగిన సాయము

మన గ్రామములలో కోళ్ళను సాకని వాడ అరుదు. పొదిగించిన గ్రుడ్లు 21 దినములకు పిల్లలగును. వానిలో ఇంచుమించు సగము పుంజులే. పిల్లలుగా నున్నపుడు ఏది పుంజో, ఏది పెట్టయో పోల్చుట కష్టము. ఇంటి బిడ్డలు ఒకదానికి పేరు పెట్టి, చేతిలో నూకలు పోసి మచ్చిక చేసికొందురు. నాలుగైదు మాసములు గడచునప్పటికి దాని జుట్టు ఎర్రబారును, కూత మొదలగును. చిక్కు కూడ అప్పుడే మొదలగును.

తెల్లవారకమునుపే కూయుటచే పొరుగువారు విసుగుదురు. ఒకే పెరటిలో రెండు పుంజులున్నచో రక్తము కారునట్లు పొడుచుకొనును. పెట్టలు తక్కువైనచో వాని వీపులపై ఈకలు ఊడిపోవును. కొన్ని పుంజులు చిన్నపిల్లల మీదికి దుముకును. అట్టి పుంజును వదలించుకొనవలెనని ఇంటివారు తలంతురు; కాని ముద్దుగా పెంచినదానిని కోయుటకు మనసొప్పదు. ఇట్టి చిన్న విషయమే ఇరుగుపొరుగుల వైరమై పంచాయతీ ముందునకు వచ్చుట కలదు.

గంపపై గోనె కప్పినచో పుంజు కూయదని కొందరు నమ్ముదురు. వెలుతురులో మార్పు లేని చోట ఉంచినను, పుంజు తన శరీరములోని కాలజ్ఞానమును అనుసరించి వేకువకు ముందే కూయునని జపానులోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2013లో వెల్లడించిరి. కావున గోనెతో కూత మానదు. పుంజునకు తగిన వేరొక ఇల్లు చూచుటయే మేలైన మార్గము.

చేయరాని పనులు

మొదటిది, ఊరి బయట విడిచిపెట్టుట. మచ్చికైన పుంజు కుక్కలకు, నక్కలకు సులభముగా చిక్కును. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము దృష్టిలో మనుష్యుడు తప్ప ప్రాణులన్నియు జంతువులే. తగిన కారణము లేక జంతువును ఆకలిదప్పులకు గురియగునట్లు వదలివేయుట, ఆ చట్టము 11వ సెక్షను క్రింద నేరము.

రెండవది, పందెగాండ్ర చేతిలో పెట్టుట. సంక్రాంతికి ముందు నెలలలో పుంజులను వెదకుచు బేరగాండ్రు గ్రామములకు వచ్చుట కలదు. బిడ్డలు పేరు పెట్టి పెంచిన పుంజు కాలికి కత్తి కట్టించుకొని బరిలో దిగును. గెలిచినను గాయములు తప్పవు. జంతువులను పోరునకు పురికొల్పుట, అందుకై స్థలమును నడుపుట పై సెక్షను క్రిందనే నేరములు. కోడిపందెములను అరికట్టవలసినదిగా 2016 డిసెంబరులో హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానము అధికారులను ఆదేశించినది. ఇది మన పూర్వాచారమని వాదించువారు పల్నాటి కథను స్మరింపవలెను. నాగమ్మ, బ్రహ్మనాయుల కోడిపోరు వైరమును పెంచి, తుదకు యుద్ధమునకు దారితీసినదనియే ఆ కథ చెప్పుచున్నది. చట్టములోని జరిమానా మొదటి తప్పునకు 50 రూపాయలకు మించదు. కావున గ్రామస్థుల కట్టుబాటే పుంజునకు గట్టి కాపు.

ఎవరికి ఈయవలెను?

గ్రుడ్లు పెట్టుటకు పెట్టకు పుంజుతో పని లేదు. గ్రుడ్లు పిల్లలగుటకు మాత్రము పుంజు కావలెను. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలును. ఒకే ఇంటి పుంజును అదే వంశపు పెట్టలతో ఏండ్ల తరబడి ఉంచినచో సంతతి బలహీనమగును. పొదిగిన గ్రుడ్లలో పిల్లలగునవి తగ్గును. కనుక ఒక వాడలో బరువైన పుంజు మరియొక వాడలో అవసరమైనదే. పెట్టలుండి పుంజు లేని ఇల్లు, లేదా ముదిరిన పుంజును మార్చదలచిన ఇల్లు శ్రేష్ఠము. పెట్టలు లేని తోటలో కాపరియున్నచో పుంజులను మాత్రమే కలిపి పెంచవచ్చును. పెట్టలు లేనిచోట వాని పోరు తక్కువ.

పుచ్చుకొనువాని మాటలనుబట్టి అతని ఉద్దేశము కొంత తెలియును. తూకము అడుగువాడు కూరకు వచ్చినవాడు. డేగయా, కాకియా, నెమలియా యని రంగును, కాలి బలమును పరీక్షించువాడు పందెమునకు వచ్చినవాడు. తన పెట్టలెన్నియో, గూడు ఎట్టిదో చెప్పువాడు పెంపకమునకు వచ్చినవాడు. ఎక్కువ ధర చూపినంత మాత్రమున మంచి ఆసామి కాడు. ఆహారమునకై కోడిని కోయుటను ఈ చట్టము నిషేధింపలేదు. కాని ఇచ్చువాడొకటి తలచి, పుచ్చుకొనువాడు మరొకటి చేసినచో స్నేహము చెడును. కనుక ‘పెంచుటకే’ యను మాటను నలుగురి యెదుట ముందుగనే అనుకొనవలెను.

తరలించునపుడు

కాళ్ళు కట్టి తలక్రిందులుగా వ్రేలాడదీసికొని పోరాదు. అదియు చట్టము హింసగా ఎంచు పనియే. గాలి చొరబడు గంపలో, చల్లని సాయంకాలమున తీసికొనిపోవలెను. క్రొత్త ఇంటిలో రెండు మూడు వారములు వేరుగా ఉంచవలెను. పచ్చని విరేచనములు, మెడ మెలితిరుగుట కన్పట్టినచో కొక్కెర తెగులని అనుమానించి పశువైద్యునకు చూపవలెను. ఈ తెగులునకు టీకా కలదు. అది వేయించిన సంగతి ఇచ్చువారు చెప్పవలెను. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణయైన సంగతి సభ్యులెరుగుదురు. అట్టి కాలమున అధికారులు అనుమతించువరకు కోళ్ళను ఒక చోటినుండి మరియొక చోటికి తరలింపరాదు.

పంచాయతీ చేయదగినది

ఇందుకు నిధులు అక్కరలేదు. పుంజు కావలసినవారి పేర్లు, ఈయదలచినవారి పేర్లు పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకములో వ్రాసి ఉంచవచ్చును. తమ వార్డులో ఏ ఇంట పెట్టలున్నవో సభ్యులకు తెలియును. స్వయంసహాయక సంఘముల స్త్రీలలో పెరటికోళ్ళు పెంచువారు పలువురు. వారికి తెలిపినచో పుంజునకు చోటు త్వరలో దొరకును. మార్గశిర, పుష్య మాసములలో అపరిచితులకు పుంజులను అమ్మవద్దని ముందే చెప్పవలెను. ఇచ్చిన నెలకు సభ్యుడొకరు ఆ ఇంటికి పోయి చూచివచ్చుట మంచిది.

సరిగా సాకిన పుంజు అయిదారేండ్లు, అంతకు మించియు బ్రదుకును. దానికొక నీడ చూపినచో పొరుగువారి తగవు తీరును. పుచ్చుకొన్న ఇంట సంతతి వృద్ధియగును. మచ్చిక చేసిన ప్రాణిని బరిలోనికి త్రోయరాదని బిడ్డలును నేర్చుకొందురు. సభ్యులు ఈ పనికి పూనుకొందురని మేము ఆశించుచున్నాము.