పరుపుతోపాటు రెండు దిండ్లు

చలి మొదలైతే మా అమ్రాబాద్ పీఠభూమిలో పరుపులకూ బొంతలకూ గిరాకీ పెరుగుతుంది. దూదేకడం మా ఇంట పెద్దల నాటి వృత్తి. విల్లు పోయి యంత్రం వచ్చింది గాని బేరం మారలేదు. పాత పరుపు తెచ్చినవారు దూది ఏకి, కొత్త గుడ్డలో నింపి కుట్టేందుకు ఒక ధర మాట్లాడుకుంటారు. పరుపు ఎత్తుకుపోయే వేళ మాత్రం, "దూది మిగిలింది గదా భాయ్, రెండు దిండ్లు గూడ కుట్టియ్యి" అంటారు. దూది వారిదే, సందేహం లేదు. కుట్టే చేతులు, దారం, కరెంటు మావి.

ఒక చలికాలం పెళ్ళివారు ఐదు పరుపుల పని ఇచ్చారు. పని నడుస్తుండగా దిండ్లు, ఆ తరువాత బాలీసులు వచ్చి చేరాయి. పెళ్ళి ఇల్లు కదా అని మేము నోరు మెదపలేదు. తీరా లెక్క చూసుకునే రోజున, ఇచ్చిన దూది తూకం తగ్గిందంటూ వారే మా కూలిలో కోత పెట్టారు. పాత దూదిని ఏకితే దుమ్ము, నలుసు రాలి తరుగు వస్తుంది. ఈ సంగతి మాకు తెలుసు, వారికి తెలియదు. ముందుగా చెప్పనిది మేమే. దొంగతనం మాట వినిపించగానే మా గొంతూ లేచింది. చివరకు వారు ఇచ్చినదే తీసుకున్నాము. దారం, కరెంటు పోగా చేతిలో మిగిలినదానిని కూలి అనడానికి మనసొప్పలేదు.

కూలి ఎగవేత ఎంత ఘోరమో మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. పని పూర్తిగా చేయించుకొని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన తానే ప్రతివాదినని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ హదీసులో ఉంది. అయితే ఆ రోజుల్లో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది ఖసస్ సూరాలోని హజ్రత్ మూసా (అలైహిస్సలాం) గాథ. మద్‌యన్ పెద్దాయన తన కుమార్తెతో వివాహం జరిపించేందుకు ఎనిమిదేళ్ళ కొలువు షరతుగా అడిగారు. పదేళ్ళు నిండించితే అది మూసా (అ) ఇష్టం, బలవంతం లేదన్నారు. ఎనిమిది షరతు, మిగతా రెండు ఔదార్యం. ఈ రెంటి నడుమ గీత పని మొదలుకాకముందే గీశారు. ఏ గడువు పూర్తిచేసినా తనపై ఒత్తిడి ఉండరాదని మూసా (అ) కూడా అప్పుడే తేల్చుకున్నారు. మేము గీయనిది ఆ గీతనే. మా రెండు దిండ్లు షరతూ కాలేదు, ఔదార్యమూ కాలేదు; లోపల గొణుక్కుంటూ కుట్టినది దానమెలా అవుతుంది?

కూలి ముట్టేవరకు వస్తువును ఆపుకోవచ్చా అని పొరుగు దర్జీలు అడుగుతుంటారు. రంగులద్దేవానివలె, చేసిన పని గుర్తు వస్తువులో నిలిచే వృత్తిదారునికి ఆ హక్కు ఉందనీ, బరువు మోసే కూలీకి లేదనీ హనఫీ ఫిఖ్‌హ్ చెబుతుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 170వ సెక్షను కూడా, వేరే ఒప్పందం లేనప్పుడు, పనివానికి ఈ హక్కునిస్తుంది. అక్కడి ఉదాహరణలలో ఒకటి దర్జీదే: కోటు కుట్టగానే అప్పగించి, సొమ్ముకు మూడు నెలల గడువు ఇస్తానన్న దర్జీ ఆ కోటును పట్టి ఉంచలేడు. మొహమాటానికి "తర్వాత ఇద్దురులెండి" అనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ మాటతో హక్కు పోతుంది.

ఇప్పుడు మా కొట్టులో దూదిని ఏకకముందు, ఏకిన తరువాత గిరాకీ కళ్ళ ముందే కాటా పెడుతున్నాము. తరుగు వస్తుందని మొదటే చెబుతున్నాము. చీటీ మా అమ్మాయి రాస్తుంది: ఎన్ని కిలోలు, ఎన్ని పరుపులు, దిండుకు విడిగా ఎంత, బయానా ఎంత, ఏ రోజుకు. ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్ అప్పును రాసుకొమ్మనేదే. అయినా తెలిసినవారి ముందు కాగితం తీయడానికి మొదట్లో మాకే సిగ్గనిపించింది. కొందరు నొచ్చుకున్నారు కూడా. ఇద్దరు ముగ్గురు మళ్ళీ రాలేదు.

లేనివారికి ఉచితంగా కుట్టే పని మానలేదు. వారి చీటీలో కూలి దగ్గర సున్నా వేస్తాము. ఆ లోటును మరొకరి చీటీలో కలపము.

మొన్న ఒక పెద్దమ్మ పరుపు తీసుకుంటూ ఎప్పటిలాగే మిగిలిన దూది వైపు చూసింది. "దిండుకు ఇంత అవుతుందమ్మా, కుట్టమంటారా?" అని అడిగాము. కాసేపు ఆలోచించి, ఒక్కటి చాలన్నది. మిగిలిన దూదిని మూట కట్టించుకొని ఇంటికి పట్టుకెళ్ళింది.