నెదర్లాండ్స్‌లో పచ్చటి, ప్రశాంతమైన ఏరియాలో ఇల్లు కొనాలంటే: బిడ్ వేసే ముందు తెలుసుకోవాల్సిన లెక్క

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా నెదర్లాండ్స్‌లో జాబ్ చేస్తున్న మన తెలుగువాళ్ల కోసం, అక్కడికి వెళ్లాలనుకుంటున్న వాళ్ల కోసం. ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: "నెలనెలా ఇంత రెంట్ కట్టే బదులు, అదే డబ్బు ఈఎంఐగా కట్టి ఇల్లు కొనుక్కోవచ్చు కదా?"

కొనుక్కోవచ్చు. పర్మనెంట్ రెసిడెన్సీ లేకపోయినా కొనుక్కోవచ్చు. కానీ అక్కడ కొనే పద్ధతి మన హైదరాబాద్‌లో, విజయవాడలో కొనే పద్ధతి లాంటిది కాదు. తేడా తెలియకుండా దిగితే యాభై వేల యూరోల దాకా పోయే ప్రమాదం ఉంది. అది ఎక్కడ ఉందో ఈరోజు చూద్దాం. ఉదాహరణకి ఆమ్‌స్టెల్‌వేన్ తీసుకుంటా, ఎందుకంటే మనవాళ్లు చాలామంది చూసేది ఆ ఊరే.

అసలు ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఏముంది?

ఆమ్‌స్టర్‌డామ్‌కి ఆనుకుని దక్షిణాన ఉంటుంది. ట్రామ్ ఎక్కితే ఆమ్‌స్టర్‌డామ్ జౌత్ ఆఫీసులకి వెళ్లిపోవచ్చు. ఇండియన్ కుటుంబాలు ఎక్కువ, ఇండియన్ షాపులున్నాయి, ఇంటర్నేషనల్ స్కూల్ ఉంది. పక్కనే ఆమ్‌స్టర్‌డామ్సే బోస్ అనే అడవి, దాదాపు 1000 హెక్టార్లు. అది సహజంగా పెరిగిన అడవి కాదు. 1930ల్లో ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు ఉద్యోగాలు లేనివాళ్లకి పని కల్పించడానికి వేలమందితో తవ్వించి, చెట్లు నాటించి చేసిన అడవి. ఇప్పుడు అక్కడ ఇళ్లు చూసేవాళ్లు "పక్కనే బోస్ ఉందా?" అని అడుగుతారు.

ఇళ్ల మధ్య రోడ్లు కూడా వేరేగా ఉంటాయి. వూన్‌ఎర్ఫ్ అనే మాట వింటారు. అంటే ఆ వీధిలో నడిచేవాళ్లకి, ఆడుకునే పిల్లలకి ప్రాధాన్యం, కారు నడక వేగంతోనే వెళ్లాలి. ఈ ఆలోచన డెల్ఫ్ట్ నగరంలో 1960ల చివర్లో మొదలైంది, 1976లో చట్టంలోకి వచ్చింది. 1970, 80ల్లో కట్టిన కాలనీల్లో ఇలాంటి వీధులు చాలా కనిపిస్తాయి. వంకర తిరిగిన దారులు, మధ్యలో చెట్లు, చివర్లో చిన్న కాలువ, అందులో బాతులు.

ప్రశాంతత శనివారం మధ్యాహ్నం తెలీదు

ఇల్లు చూడ్డానికి మీకిచ్చే టైమ్ చాలా తక్కువ. ఆ కాసేపట్లో ప్రశాంతంగా అనిపిస్తే ప్రశాంతమే అనుకోకండి.

మొదటిది విమానాలు. స్కిపోల్ ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉంది, దానికి ఆరు రన్‌వేలు. ఏ రోజు ఏ రన్‌వే వాడతారనేది చాలావరకు గాలిని బట్టి ఉంటుంది. అందులో ఒకటైన బౌటెన్‌వెల్డర్ట్ రన్‌వే వాడినప్పుడు ఆ దారిలో ఉన్న ఇళ్ల మీదుగా విమానాలు తక్కువ ఎత్తులో వెళ్తాయి. మీరు చూసిన రోజు గాలి వేరే వైపు ఉంటే ఒక్క విమానం కూడా వినపడదు. అందుకే వేర్వేరు వాతావరణంలో, ఒకసారి పొద్దున్నే, ఒకసారి రాత్రి, ఆ వీధికి సైకిల్ మీద వెళ్లి కాసేపు నిలబడండి. దానికి అపాయింట్‌మెంట్ అక్కర్లేదు.

రెండోది గోడలు. అక్కడ మధ్యతరగతి ఇల్లంటే ఎక్కువగా రైత్యెస్‌హౌస్, అంటే వరసగా అతుక్కుని ఉన్న ఇళ్లలో ఒకటి. అటు గోడ ఒకరితో, ఇటు గోడ ఇంకొకరితో. పక్కింటి పియానో మీకు, మీ కుక్కర్ విజిల్ వాళ్లకి వినపడొచ్చు. వరస చివర ఉండే హూక్‌వోనింగ్ అయితే ఒక గోడే కలుస్తుంది, సాధారణంగా రేటు కొంచెం ఎక్కువ. వంటింట్లో చిమ్నీ పొగని బయటికి పంపుతుందా, ఫిల్టర్ చేసి మళ్లీ లోపలికే వదులుతుందా అనేది కూడా అడగండి. తాలింపు వేసే ఇంట్లో అది చిన్న విషయం కాదు.

మూడోది ఎండ. మనం ఇంటి గుమ్మం ఏ దిక్కు అని అడుగుతాం. డచ్ వాళ్లు వెనక తోట ఏ దిక్కు అని అడుగుతారు. తోట దక్షిణం వైపు ఉంటే ప్రకటనలోనే గొప్పగా రాస్తారు, ఎందుకంటే అక్కడ ఎండ దొరకడమే కష్టం. ఇక్కడ మనకి గొడవేం లేదు. వరస ఇళ్లలో సాధారణంగా ముందు గుమ్మం, వెనక తోట. తోట దక్షిణం అయితే గుమ్మం ఉత్తరం. తూర్పు గుమ్మమే కావాలంటే తోట పడమర, అంటే ఆఫీస్ నుంచి వచ్చాక సాయంత్రం ఎండ. వాస్తు చూసే అమ్మానాన్నల్ని ఒప్పించడం ఈజీ.

నేల కింద చూడాల్సినవి

నెదర్లాండ్స్‌లో పెద్ద భాగం సముద్రమట్టం కంటే కింద ఉంది. నీటిని పంపు చేస్తూ ఉంటేనే ఆ నేల నిలుస్తుంది. దానికోసం 21 వాటర్ బోర్డులున్నాయి, ఇంటి ఓనర్‌గా మీరు వాటికి కూడా పన్ను కడతారు.

పశ్చిమ ప్రాంతంలో మెత్తటి నేల ఎక్కువ కాబట్టి పాత ఇళ్లు చాలావాటిని చెక్క స్తంభాల మీద కట్టారు. ఆ చెక్క నీళ్లలో మునిగి ఉన్నంతకాలం గట్టిగానే ఉంటుంది. భూగర్భ నీటిమట్టం తగ్గి పైభాగానికి గాలి తగిలితే ఫంగస్ పట్టి కుళ్లిపోతుంది. అప్పుడు పునాది బాగుచేయించడానికి అయ్యే ఖర్చు మీ సేవింగ్స్ మొత్తం తినేసేంత ఉంటుంది. 1970కి ముందు కట్టిన ఇల్లయితే పునాది గురించి తప్పనిసరిగా అడగండి. కొన్ని వందల యూరోలు పెట్టి బౌకుండిఖ కూరింగ్, అంటే ఇంజినీర్‌తో తనిఖీ చేయించండి. 1993లో నిషేధించే దాకా ఆస్బెస్టాస్ కూడా వాడారు, అదీ చూడాలి.

ఇంకో మాట: ఎర్ఫ్‌పాఖ్ట్. అంటే ఇల్లు మీది, నేల మీది కాదు, లీజుకి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇది బాగా ఎక్కువ. లీజు డబ్బు ఎప్పటివరకు కట్టేశారు, తర్వాత ఎంత పెరుగుతుంది అనేది పేపర్లలో చూడకుండా బిడ్ వేయకండి.

ఇప్పుడు అసలు లెక్క

ఇళ్లు చాలావరకు ఫుండా అనే సైట్‌లో ఉంటాయి. అక్కడ కనిపించే రేటు అమ్మే రేటు కాదు, బేరానికి పిలుపు మాత్రమే. మీరు ఆ రేటు ఇస్తానన్నా మీకే అమ్మాలని రూల్ లేదు. చాలాసార్లు సీల్డ్ బిడ్ ఉంటుంది, అంటే పక్కవాడు ఎంత వేశాడో మీకు తెలీదు. అక్కడే జనం అడిగిన రేటు కంటే బాగా ఎక్కువ వేసేస్తారు.

బ్యాంక్ గరిష్ఠంగా ఇంటి విలువలో 100 శాతం లోన్ ఇస్తుంది. ఎనర్జీ లేబుల్ మెరుగుపరిచే పనులు చేయిస్తే 106 శాతం దాకా. వినడానికి సూపర్‌గా ఉంది కదా? కానీ అది మీరు వేసిన బిడ్‌లో 100 శాతం కాదు. వాల్యుయేషన్ చేసే వ్యక్తి వచ్చి రాసిన విలువలో 100 శాతం. తేడా మీ జేబులోంచే. అసలు విషయం ఇదే, దయచేసి గుర్తుపెట్టుకోండి.

ఒక జంట అనుకుందాం, ఇద్దరికీ 35 ఏళ్లలోపు, మొదటి ఇల్లు. అడిగిన రేటు 5,00,000 యూరోలు. వీళ్లు 5,40,000 వేశారు, ఇల్లు దొరికింది. వాల్యుయేషన్ 5,15,000 వచ్చింది. తేడా 25,000 సొంత డబ్బు.

ఇక రిజిస్ట్రేషన్ లాంటి పన్ను. సొంతంగా ఉండే ఇంటికి 2 శాతం. అయితే 18 నుంచి 35 ఏళ్లలోపు వాళ్లకి జీవితంలో ఒక్కసారి ఈ పన్ను మినహాయింపు ఉంది, ఆ ఇంట్లో వాళ్లే ఉండాలి. దీనికి ఇంటి విలువ మీద లిమిట్ ఉంది, 2025లో 5,25,000 యూరోలు. లిమిట్ దాటితే దాటిన ముక్క మీద కాదు, మొత్తం మీద పన్ను. అంటే 5,40,000 మీద 10,800. నోటరీ, వాల్యుయేషన్, లోన్ అడ్వైజర్, మీ తరఫు ఏజెంట్, అన్నీ కలిపి ఒక 9,000 అనుకుందాం. మొత్తం చేతిలో ఉండాల్సింది 44,800.

అదే ఇంటికి 5,25,000 దగ్గర ఆగి ఉంటే? వాల్యుయేషన్ తేడా 10,000, పన్ను సున్నా, ఖర్చులు 9,000. మొత్తం 19,000. బిడ్‌లో తేడా 15,000 మాత్రమే, చేతి డబ్బులో తేడా 25,800. ఈ లిమిట్ ఏడాదికోసారి మారుతుంది, కాబట్టి మీరు కొనే సంవత్సరం నంబర్ ట్యాక్స్ ఆఫీస్ సైట్‌లో చూసుకుని, దాన్ని మనసులో గీతలా పెట్టుకోండి.

ఆ యాభై వేలు ఎక్కడ పోతాయంటే

బిడ్‌లో కండిషన్లు పెట్టుకోవచ్చు. ముఖ్యమైనది ఫైనాన్స్ కండిషన్: ఫలానా తేదీలోపు లోన్ రాకపోతే డీల్ నుంచి ఫ్రీగా బయటికొచ్చేస్తాను అని. పోటీ ఎక్కువ ఉన్నప్పుడు "ఈ కండిషన్ తీసేస్తే మీ బిడ్ స్ట్రాంగ్ అవుతుంది" అనే సలహా వింటారు. నిజమే, స్ట్రాంగ్ అవుతుంది. కానీ తీసేశాక లోన్ రాకపోతే, మామూలు అగ్రిమెంట్ ప్రకారం రేటులో 10 శాతం పెనాల్టీ. మన ఉదాహరణలో 54,000 యూరోలు, ఇల్లు లేకుండానే.

చట్టం మీకొక రక్షణ ఇచ్చింది. సంతకాలైన అగ్రిమెంట్ కాపీ మీ చేతికొచ్చాక మూడు రోజులు ఆలోచించుకునే టైమ్. కారణం చెప్పకుండా, పైసా కట్టకుండా రద్దు చేసుకోవచ్చు. ఇది కొనేవాళ్లకే, అమ్మేవాళ్లకి లేదు. ఆ మూడు రోజులూ ఫ్రెండ్స్‌కి స్వీట్లు పంచకండి, పేపర్లు చదవండి. డచ్ రాకపోతే ట్రాన్స్‌లేట్ చేయించుకోండి.

డబ్బు విషయంలో మాత్రం ఇక్కడ మనసు ప్రశాంతం. వైట్ ఎంత, బ్లాక్ ఎంత అనే మాటే రాదు. డబ్బంతా నోటరీ అకౌంట్‌లోకి వెళ్తుంది. ఇంటి మీద అప్పులు, తాకట్లు ఉన్నాయా అని నోటరీనే కడాస్టర్ అనే భూమి రికార్డుల ఆఫీసులో చెక్ చేస్తారు. మనం ఈసీ తీయించినట్టు అనుకోండి. ఆ ఇల్లు ఇంతకుముందు ఎంతకి అమ్ముడైందో కూడా చిన్న ఫీజు కట్టి మీరే చూడొచ్చు.

లోన్ వడ్డీ కూడా మనదగ్గరలా ఎక్కువగా ఫ్లోటింగ్ కాదు. 10, 20, 30 ఏళ్లకి వడ్డీ ఫిక్స్ చేసుకోవచ్చు. ఆ టైమ్‌లో రేట్లు ఎంత పెరిగినా మీ వడ్డీ మారదు. వడ్డీ మీద ట్యాక్స్ తగ్గింపు ఉంది, కానీ దానికి 30 ఏళ్లలోపు అసలు కూడా తీరేలా కట్టే లోన్ అయి ఉండాలి.

కొనాలా, వద్దా?

దీనికి జవాబు ఇంటి రేటులో లేదు, మీ వీసాలో ఉంది. హైలీ స్కిల్డ్ మైగ్రెంట్‌గా వెళ్లినవాళ్లకి జాబ్ పోతే కొత్తది వెతుక్కోవడానికి గరిష్ఠంగా మూడు నెలలు. ఆ మూడు నెలలూ ఈఎంఐ ఆగదు. "ఏముంది, రెంట్‌కి ఇచ్చేసి ఇండియా వెళ్లిపోతాం" అనుకోవద్దు. బ్యాంక్ పర్మిషన్ లేకుండా రెంట్‌కి ఇవ్వకూడదని లోన్ అగ్రిమెంట్‌లోనే ఉంటుంది. కొన్ని మునిసిపాలిటీలు కూడా కొత్తగా కొన్న ఇళ్లని రెంట్‌కి ఇవ్వడం మీద ఆంక్షలు పెట్టాయి. అమ్మేయొచ్చు, కానీ అప్పటికి రేటు తగ్గి ఉంటే మిగిలిన అప్పు మీదే.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తా. కనీసం ఐదేళ్లు ఉంటామని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని నిర్ణయించుకుంటే, ఆరు నెలల ఖర్చులకి డబ్బు పక్కన పెట్టాక కూడా పైన చెప్పిన సొంత డబ్బు ఉంటే, కొనండి. పిల్లలు వీధిలో ఆడుకునే ఏరియాలో పెరగడం విలువైనదే. రెండేళ్లలో వెళ్లిపోవచ్చు అనే డౌట్ ఉంటే రెంట్‌లోనే ఉండండి. రెంట్ కట్టడం డబ్బు పారేసుకోవడం కాదు, ఎప్పుడైనా కదిలే స్వేచ్ఛకి మీరిచ్చే ధర.

ఇంకొక్క పని. ఇల్లు చూడ్డానికి వెళ్లే ముందే మీ ఆఖరి నంబర్ ఒక కాగితం మీద రాసుకోండి. కాలువ, బాతులు, వెనక ఆపిల్ చెట్టు చూశాక రాసుకుంటే ఆ నంబర్ పెరిగిపోతుంది.

ఈ వీడియో అక్కడున్న మీ ఫ్రెండ్‌కి పంపండి, ముఖ్యంగా ఈ వారమే బిడ్ వేస్తున్నవాళ్లకి. లోన్ పేపర్ల గురించి డౌట్స్ ఉంటే కింద రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో ఒక్కొక్కటిగా చూద్దాం.