పసిపిల్లల ఇంట నిత్యపూజ

మా ఇంట నలుగురు పిల్లలు. పెద్దమ్మాయికి 9 ఏళ్లు, పిల్లవాడికి 6, చివరి కవల ఆడపిల్లలకు ఇటీవలే 3 నిండినవి. మావారు, నేను, మా అత్తగారు కలిసి ఏడుగురం. తెనాలిలో పాతకాలపు పెంకుటిల్లు. వంటింటికి ఆనుకొని గోడలో దేవుని గూడు, పెరట్లో తులసికోట. దేవస్థానం వారు ఉచితంగా అందించే ఈ మాసపత్రికను నెలనెలా తప్పక చదివేవారిలో నేనూ ఒకతెను. నిత్యపూజా విధానాన్ని గురించి ఇందులో వచ్చే వ్యాసాలు చదివినప్పుడల్లా, బ్రాహ్మీముహూర్తాన లేచి, శుచియై, ఏకాగ్రచిత్తంతో ఆసీనులు కావలెనన్న వాక్యం వద్ద నా చూపు ఆగిపోయేది. పసివారున్న ఇంట ఆ ఏకాగ్రత ఎట్లా కుదురుతుంది? నావంటి తల్లులు మరికొందరు ఉండవచ్చునని తలచి, మా ఇంట మేము అనుభవం మీద నేర్చుకొన్నదీ, పెద్దలను అడిగి తెలుసుకొన్నదీ ఇక్కడ వివరిస్తున్నాను.

మా ఉదయం ఎట్లా ఉంటుందో ముందుగా చెప్పవలె. నేను నాలుగున్నరకు లేస్తాను. నేను లేచిన అలికిడికి కవలల్లో ఒకతె లేస్తుంది, ఆమె ఏడుపుకు రెండవది లేస్తుంది. ఒకరికి పాలు పడుతుండగా మరొకరి పక్కబట్టలు తడుస్తాయి. ఆరున్నరకు పిల్లవాడు తన బలపం ఎవరో తీశారని ఫిర్యాదుతో వస్తాడు. పెద్దదానికి రెండు జడలు వేసి, నాలుగు డబ్బాలు సర్ది, ఇద్దరిని బడికి పంపేసరికి ఎనిమిదిన్నర. అప్పటికి నేను కట్టుకొన్న బట్ట మీద పాలు, ఇడ్లీ పిండి, చిన్నదాని చీమిడి అన్నీ చేరి ఉంటాయి. ఆ బట్టతో దేవుని గూటి ముందు నిలబడడానికి మనస్సు ఒప్పేది కాదు. మళ్లీ స్నానం చేయబోతే తలుపు బయట ఇద్దరు నిలబడి తలుపు బాదుతారు. అట్లా ఒకరోజు తప్పింది, వారం తప్పింది. కవలలు పుట్టిన తరువాత దాదాపు ఏడాదిన్నర కాలం నా చేతుల మీదుగా ఇంట దీపం వెలగలేదు. అత్తగారు వెలిగించేవారు. ఆమె ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు బరువుగా ఉండేది.

మా అత్తగారి మడి మా వీధిలో అందరికీ తెలుసు. నూతి దగ్గర స్నానం చేసి తడిబట్టతోనే పూజ చేసేవారు. నైవేద్యం అయ్యేవరకు ఎవరినీ తాకరు. మనుమలు పరుగున వస్తే, “దూరం, దూరం, అక్కడే నిలబడండి” అని చేయి చాపి ఆపేవారు. పిల్లలకు అదొక ఆట అయింది. నాయనమ్మను ఎవరు ముందు తాకుతారోనని పందెం వేసుకొనేవారు.

కిందటి సంవత్సరం కార్తీకమాసంలో ఒక సోమవారం తెల్లవారుజామున జరిగిన సంగతి ఇది. అత్తగారు తులసికోట చుట్టూ నేల మీద ప్రమిదలు పేర్చి వెలిగించారు. కవలలు మెలకువతో ఉండి దీపాలు చూస్తామని మారాం చేస్తే పెరటి గడప దగ్గర కూర్చోబెట్టి నేనూ పక్కనే ఉన్నాను. ఇంతలో పొయ్యి మీది పాలు గుర్తుకు వచ్చినవి. పొంగిన వాసన కూడా వచ్చింది. లోపలికి పరుగెత్తి గిన్నె దించి వచ్చేసరికి, బహుశా అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ అర నిమిషంలో చిన్నది గడప దిగి దీపాల దగ్గరకు వెళ్లింది. దాని గౌను నైలానుది. అంచు అంటుకొన్నది. నేను చూసేసరికి అత్తగారు ఆ పిల్లను రెండు చేతులతో ఎత్తి, తన తడి చీరకు గట్టిగా అదుముకొని నేల మీద కూర్చుండిపోయి ఉన్నారు. మంట ఆరిపోయింది. పిక్క మీద నాలుగు వేళ్ల మేర కాలింది.

మా వీధి చివర ఉండే నర్సమ్మ కేకలు విని వచ్చి, చేతిలో పసుపు డబ్బాతో నిలబడిన నన్ను పక్కకు నెట్టి, పిల్ల కాలిని కుళాయి కింద పెట్టింది. ఆమె ఆనాడు చెప్పినవీ, తరువాత వైద్యులు చెప్పినవీ పాఠకులకు చెప్పడం నా ధర్మం. కాలిన చోట వెంటనే చల్లని కుళాయి నీటిని ధారగా 20 నిమిషాల పాటు పోయవలె. మంచుగడ్డ పెట్టరాదు. పసుపు, సిరా, పళ్లు తోముకొనే పేస్టు, వెన్న, ఇవేవీ పూయరాదు. అవి గాయాన్ని చెరచడమే కాక, వైద్యునికి గాయం లోతు తెలియకుండా చేస్తాయి. ఒంటికి అంటుకుపోయిన బట్టను లాగరాదు. అంటని బట్టను తీసివేయవచ్చు. బొబ్బలను చిదమరాదు. తరువాత శుభ్రమైన పలుచని నూలుబట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకొనిపోవలె. పసిపిల్లల విషయంలో గాయం చిన్నదిగా కనిపించినా చూపించవలసినదే. ముఖం, చేతులు, కీళ్ల మీద అయితే ఆలస్యం అసలే పనికిరాదు. దీపాలు వెలిగించే నెలల్లో పిల్లలకు నైలాను, పాలియెస్టరు గౌనులు వద్దు. అవి కరిగి చర్మానికి అతుకుతాయి. ఒంటికి పట్టి ఉండే నూలుబట్ట మేలు.

ఆసుపత్రి నుండి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆనాటి నైవేద్యం జరగలేదు. అత్తగారు ఇంట ఉన్న ఒక్క అరటిపండు తీసుకొని, కట్టు కట్టిన కాలితో పిల్లను ఒడిలో పెట్టుకొనే దేవుని గూటి ముందు కూర్చొని నివేదించారు. మళ్లీ స్నానం చేయలేదు. నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆ తరువాత కొన్నాళ్లకు, మా ఇంటి పురోహితులు వచ్చినప్పుడు నా మనస్సులోని మాట అడిగాను. ఆయన శాస్త్రం నుండి చెప్పిన సంగతులు విని నాకు ఆశ్చర్యం కలిగింది. గౌతమ ధర్మసూత్రంలో, ఉపనయనానికి పూర్వం బాలునికి నడతలో గాని, మాటలో గాని, తిండిలో గాని నిర్బంధం లేదని స్పష్టంగా ఉన్నదట. అనగా మడి పెద్దవారు తమకు తాము విధించుకొన్న నియమమే గాని, పసివారి మీద మోపవలసినది కాదు. మన తెలుగునాట కృష్ణయజుర్వేదులు ఎక్కువగా అనుసరించే ఆపస్తంబ సూత్రం, అతిథులకు పెట్టిన తరువాత బాలురకు, వృద్ధులకు, రోగులకు, గర్భిణులకు భోజనం పెట్టి, ఆ పిమ్మటనే గృహస్థు తినవలెనంటుంది. మనుస్మృతి ఇంకా ముందుకు వెళ్లి, కన్నెపిల్లలకూ రోగులకూ గర్భిణులకూ సంకోచించకుండా అతిథులకంటె ముందుగానే పెట్టుమంటుంది. నైవేద్యం కాలేదని ఆకలిగొన్న బిడ్డను ఏడిపించే అలవాటు మన ఇళ్లలో ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. పురోహితులు చెప్పిన ఉపాయం సులభమైనది: వండినదానిలో తొలిభాగం తీసి దేవునికి వేరుగా మూతపెట్టి ఉంచి, పిల్లలకు పెట్టివేయడం. పూజ తీరిక దొరికినప్పుడు చేసుకోవచ్చును. ఆ ఒక్క మాటతో మా ఇంట ఉదయపు ఏడుపు సగం తగ్గినది.

పూజ పిల్లలకు అనుగుణంగా మారవలెనని గ్రహించిన మీదట, దేవుని గూటిని కొత్త కళ్లతో చూశాను. పసివాని చేతికి అందేవన్నీ ప్రమాదాలే. ముఖ్యంగా కర్పూరం. చూడడానికి కలకండ పలుకులా ఉంటుంది. పసిపిల్లలు కొద్దిగా మింగినా మూర్ఛలు రావచ్చునని వైద్యులంటారు. మేము దానిని బిగుతైన మూత గల డబ్బాలో పెట్టి పై అలమారులోకి చేర్చాము. తీర్థంలో వేసే పచ్చకర్పూరమైనా చిటికెడులో చిటికెడే. వక్కలు, నాణేలు గొంతుకు అడ్డుపడతాయి. గుగ్గిళ్లు, వేరుసెనగలు నాలుగేళ్ల లోపు పిల్లలకు గింజలుగా పెట్టక, మెత్తగా మెదిపి పెట్టవలె. పంచామృతంలో తేనె ఉంటుంది. ఏడాది నిండని శిశువుకు తేనె నాలుకకైనా రాయరాదు, అందులో ఉండగల సూక్ష్మజీవి బీజాలు పసివారి పేగుల్లో విషం పుట్టించగలవు. మా కవలల అన్నప్రాశనకు ఈ సంగతి తెలియక తేనె రాశాము. తలచుకొంటే ఇప్పటికీ భయం వేస్తుంది. ఇక నూనె దీపానికి బదులు బ్యాటరీ దీపాలు కొనేవారున్నారు. వాటిలో బొత్తామంత బ్యాటరీ ఉంటుంది. బిడ్డ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చగలదు కనుక, మరతో బిగించిన మూత లేని దీపాన్ని ఇంటికి తీసుకొనిరావద్దు.

పూలు కోయడం పిల్లలకు అప్పగించడం మన ఇళ్ల ఆచారం. నందివర్ధనాలు, మందారాలు కోయనివ్వండి. గన్నేరు మాత్రం, ముఖ్యంగా పచ్చగన్నేరు, వారి చేతికి ఇవ్వకండి. ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే. దేవునికి పనికివచ్చే పువ్వు గనుక హాని చేయదన్న నమ్మకంతో నేనే ఎన్నోసార్లు మా పిల్లవాని బుట్టలో కోయించాను.

ఇన్నిటినీ పైకి ఎత్తి దాచిన తరువాత పిల్లలకు దేవుని దగ్గర పని ఏమి మిగులుతుందన్న ప్రశ్న వచ్చింది. దీనికి పంచమహాయజ్ఞాలు దారి చూపాయి. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ, ఈ అయిదింటి వల్ల గృహస్థు తెలియకుండానే ప్రాణిహింస చేస్తాడనీ, దాని పరిహారంగా దేవతలకు, ఋషులకు, పితరులకు, భూతాలకు, మనుష్యులకు నిత్యం ఏదో ఒకటి సమర్పించవలెననీ మనుస్మృతి చెబుతుంది. ఇవి వినడానికి పెద్ద యజ్ఞాలే గాని చాలావరకు పిల్లల చేతికి సరిపోయే పనులు. మా పిల్లవాడు గోడ మీద కాకికి అన్నం ముద్ద పెడతాడు. కాకి రాకపోతే బడికి వెళ్లనంటాడు, అదొక చిక్కు. కవలలు బియ్యపుపిండితో వాకిట ముగ్గు వేస్తామని చెప్పి, చీమలకు విందు చేస్తారు. పెద్దది సాయంత్రం ఒక శ్లోకం నాయనమ్మ దగ్గర వల్లె వేస్తుంది. గుమ్మంలోకి ఎవరు వచ్చినా మంచినీళ్లు తెచ్చి ఇవ్వడం కూడా దాని పనే. గంట ఎవరు కొట్టాలన్నదే రోజూ తగవు; చివరకు వారాలు పంచి గోడ మీద సుద్దతో రాసిపెట్టాము. ఆదివారం ఎవరిదీ కాదు. ఆ రోజు గంట వాళ్ల నాన్నగారిది.

పిల్లవాడు ఒకనాడు, “దేవుడు తింటే అరటిపండు ఎందుకు తగ్గదు?” అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. అత్తగారు, “నీకు మిగల్చాలని ఆయన చూసి ఊరుకొంటాడురా” అన్నారు. వాడు ఆలోచించి, “అయితే ఆయనకు ఆకలి వేయదా?” అన్నాడు. ఆ మాటకు ఆమె కూడా నవ్వి ఊరుకొన్నారు.

భాగవతం దశమస్కంధంలో యశోదమ్మ కథ అందరికీ తెలిసినదే. ఆనాడు దాసీలు వేరే పనుల్లో ఉండగా ఆ తల్లి తానే పెరుగు చిలుకుతున్నది. కృష్ణుడు వచ్చి కవ్వం పట్టుకొన్నాడు, పాలిచ్చింది. అంతలో పొయ్యి మీది పాలు పొంగుతుండగా, చాలీ చాలకుండానే బిడ్డను దించి పరుగెత్తింది. ఆయన కోపించి పెరుగుకుండ పగులగొట్టాడు. ఆ తరువాత రోలికి కట్టడం, మద్దిచెట్లు కూలడం. చిన్నప్పటి నుండి వింటున్న కథే అయినా, పాలకోసం బిడ్డను దించిందన్న ఆ చోట నేనెన్నడూ ఆగలేదు. పిల్ల కాలికి కట్టు కట్టి ఉన్న మూడు వారాలూ అత్తగారు రాత్రిపూట ఆ ఘట్టమే పిల్లలకు చెప్పేవారు. నన్ను ఉద్దేశించి చెప్పారో లేదో నేను ఎన్నడూ అడగలేదు. ఒక రాత్రి మాత్రం కథ ముగించి దీపం తగ్గిస్తూ, “పాలు పొంగితే ఏ తల్లయినా లేస్తుందమ్మాయ్” అన్నారు.

ఇప్పుడు దేవుని గూడు నిలువెత్తులో ఉన్నది. దీపం చూడాలంటే కవలలను ఎవరైనా ఎత్తుకోవలె. తడిబట్ట మడి అత్తగారు మానలేదు, కాని మనుమలు వచ్చి తాకితే కసరడం మానారు. నేను ఉదయం దీపం పెట్టలేకపోతే, పిల్లలు పడుకొన్న తరువాత రాత్రి ఎనిమిదిన్నరకు పెడుతున్నాను. ఈ కార్తీకంలోనూ తులసికోట దగ్గర దీపాలుంటాయి, నేల మీద కాక, కోట పైఅంచున. అవి కొండెక్కేవరకు ఒకరు అక్కడి నుండి కదలకూడదని నియమం పెట్టుకొన్నాము. పాలు ఆ తరువాతే పొయ్యి మీదికి ఎక్కుతాయి.