వరదలో మందుల చీటీ పోతే?

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగాయి. ఉరుకుంద, ఆదోని, ఎమ్మిగనూరు వైపు మళ్లీ అలాంటి రోజే వచ్చి, నానీమా బీపీ మాత్రలు, చీటీ రెండూ నీళ్లపాలైతే? తెలిసిన మెడికల్ షాపాయన ఇచ్చేస్తాడులే అనుకుంటాం.

చట్టం అలా లేదు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65వ నిబంధన ప్రకారం షెడ్యూల్ హెచ్ మందులకు డాక్టర్ చీటీ ఉండాల్సిందే. బీపీ మాత్రలు చాలావరకు అందులోవే. వరదొచ్చిందని ఫార్మసిస్టు సొంతంగా ఇవ్వడానికి వీల్లేదు. బ్రిటన్‌లో ఫార్మసిస్టుకు అత్యవసరంలో కొన్నాళ్ల మందు ఇచ్చే అధికారం ఉంది. మనకూ ఉండాల్సింది.

కరోనా అప్పుడు, 2020 మార్చి 26న, కేంద్రం కొంత సడలించింది: ఈమెయిల్‌లో చీటీ పంపినా షాపువాళ్లు ఇంటికి మందులు చేర్చొచ్చంది. అప్పుడూ చీటీ తప్పలేదు.

దారి మాత్రం ఉంది. అదే నెలలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, డాక్టర్ ఫోన్‌లో మాట్లాడి, సంతకం చేసిన చీటీ ఫొటోను వాట్సాప్‌లో పంపొచ్చు. పాత చీటీ ఫొటో మీ ఫోన్‌లో ఉంటే ఆయనకు పని సులువు. ఇంకోటి: మళ్లీ ఇవ్వొచ్చని డాక్టర్ రాయకపోతే ఒక చీటీకి ఒక్కసారే మందు. ఈసారి వెళ్లినప్పుడు ఆ ముక్క రాయించుకోండి.